పాత విస్కీ, పచ్చి కల్లు

కురుపాం నుండి ఒక శ్రోత ఇటీవల మా కేంద్రమునకు లేఖ వ్రాసినారు. ఓడలలో ఉద్యోగము చేసే వారి మేనల్లుడు సెలవుపై వచ్చి ఒక సలహా చెప్పినాడట. కూతురి పెండ్లికని కూడబెట్టిన సొమ్ము అంతయు బంగారముపై పెట్టనక్కరలేదు, అందులో కొంత పెట్టి ఇరవైఅయిదేండ్ల స్కాచ్ విస్కీ సీసాలు రెండు కొని ట్రంకు పెట్టెలో దాచితే చాలును, ఏండ్లు గడచిన కొలది అది ఇంకను పాతబడి వెల పెరుగును అని ఆ సలహా. లేఖ చివర వారు అడిగినది చిన్న ప్రశ్న. పాతబడినంత మాత్రమున మందు అంత విలువైనది అగునా? మా కొండలమీద కల్లు మరునాటికే పులిసి పోవును గదా!

మద్యపానమును పొగడుట ఈ ప్రసంగమునకు ఉద్దేశము కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిన రాష్ట్రము మనది. కాని ఆ శ్రోత ప్రశ్న తాగుడును గూర్చినది కాదు. కాలమునకు వెల కట్టుటను గూర్చినది. అది చరిత్రకు సంబంధించిన ప్రశ్న.

ముందుగా ఒక అపోహను తొలగించవలెను. విస్కీకి వయసు పెరుగునది చెక్క పీపాలోనే గాని గాజు సీసాలో కాదు. పన్నెండేండ్లు పీపాలో ఉండి సీసాలోనికి దిగిన విస్కీని ముప్పదియేండ్లు పెట్టెలో దాచినను అది పన్నెండేండ్ల విస్కీయే. సీసాపై వేసిన అంకె కూడ అందులో కలిసిన వాటిలో అన్నిటికంటె చిన్నదాని వయసు. చట్టము అట్లు శాసించినది. ఇక సింగిల్ మాల్ట్ అనగా ఒకే బట్టీలో, మొలకెత్తించి ఆరబెట్టిన యవలతో మాత్రమే, రాగి కుండలలో కాచిన విస్కీ అని అర్థము.

స్కాట్లండులో దీని జాడ 1494 నాటి రాజ్యపు లెక్కలలో మొదట కనబడును. జాన్ కోర్ అను ఒక క్రైస్తవ సన్యాసికి, రాజుగారి ఆజ్ఞ మేరకు, జీవజలము చేయుటకై ఎనిమిది బోలుల మాల్ట్ ఇచ్చినట్లు అందులో వ్రాసియున్నది. అందులో వయసు మాట లేదు. ఆ తరువాత మూడు వందల ఏండ్లవరకు కొండ రైతులు తమ ఇంటి యవలతో కాచినది చాలవరకు కాచిన కొలది ఖర్చయిన సరకే. మన మాటలో చెప్పవలెనన్న అది నాటుసారా. ప్రభుత్వము దానిపై పన్ను వేసినది. 1725లో మాల్ట్ పన్ను వచ్చినప్పుడు గ్లాస్గో పట్టణములో జనము తిరుగబడినారు. పన్ను పెరిగిన కొలది దొంగబట్టీలు కూడ పెరిగినవి.

1822లో నాల్గవ జార్జి రాజు ఎడింబరో వచ్చినప్పుడు గ్లెన్‌లివెట్ విస్కీయే కావలెనని కోరినాడట. ఆ లోయలో దొరకునదంతయు దొంగసరకే! రాజుగారి ముచ్చట తీర్చుటకు ఒక జమీందారు కుమార్తె, ఎలిజబెత్ గ్రాంట్, తమ ఇంటి నేలమాళిగలో చాల కాలము పీపాలో నిలువ ఉన్న సరకును పంపినది. ఆ సంగతిని తన జ్ఞాపకాలలో వ్రాసికొన్నది. అనగా పీపాలో నిలువ ఉన్నది మృదువుగా ఉండునని కలవారి ఇండ్లలో అప్పటికే తెలియును. నిలువ ఉంచుటకు మాళిగయు, ఎదురుచూచుటకు ఓపికయు వారికే ఉండెను. పేదరైతుకు నిలువ ఉంచిన పీపా అనగా సుంకపు అధికారి కంటబడు పీపా.

మరుసటి ఏట, 1823లో, చట్టము మారినది. పది పౌనుల లైసెన్సు రుసుము కట్టి, కాచిన సరకుపై తగుమాత్రపు సుంకము చెల్లించినవాడు బహిరంగముగా బట్టీ పెట్టుకొనవచ్చును. 1824లో గ్లెన్‌లివెట్ లోయలో జార్జి స్మిత్ అనునతడు మొదట లైసెన్సు తీసికొన్నాడు. దొంగబట్టీల ఇరుగుపొరుగువారు బట్టీ తగులబెట్టుదుమని బెదిరింపగా కొంతకాలము నడుమున రెండు పిస్తోళ్లు పెట్టుకొని తిరిగినాడు. ఆ పంతొమ్మిదవ శతాబ్దిలోనే ప్రభుత్వపు తాళము పడిన గిడ్డంగుల పద్ధతి స్థిరపడినది. సరకు గిడ్డంగిలో ఉన్నంతకాలము సుంకము కట్టనక్కరలేదు. బయటికి తీసిననాడు కట్టవలెను. నా అభిప్రాయములో పాత విస్కీ పుట్టినది ఇక్కడనే. కాచినవెంటనే సుంకము కట్టవలసి ఉన్నచో ఇరవై ఏండ్లు సరకును కదల్చక ఉంచగల వ్యాపారి ఉండడు.

పీపా సంగతియు అట్టిదే. స్పెయిన్ దేశపు షెర్రీ ద్రాక్షసారా పీపాలలో ఓడలపై వచ్చెడిది. ఖాళీ అయిన పీపాలు చౌకగా దొరకెడివి. తరువాత 1930లలో అమెరికా ప్రభుత్వము తమ బర్బన్ విస్కీని కాల్చిన కొత్త ఓక్ పీపాలలోనే ఉంచవలెనని నియమము పెట్టగా, వారు ఒకమారు వాడి విడిచిన పీపాలు స్కాట్లండు చేరినవి. మనము రుచి అని మెచ్చుకొనునది ఒక విధముగా పరదేశపు పారవేసిన చెక్కసామాను పుణ్యము. కనీస వయసు నియమము సైతము రుచికొరకు పుట్టలేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలములో పచ్చిసారా తాగి మందుగుండు కర్మాగారముల పనివారు చెడిపోవుచున్నారని, 1915లో రెండేండ్లు నిండని విస్కీ అమ్మరాదని శాసించినారు. 1916లో అది మూడేండ్లయినది. నేటికి మూడేండ్లే.

పీపాలో జరుగునదేమి? కాచి దింపిన విస్కీ నీరువలె తెల్లగా ఉండును. పీపాలో దానికి వచ్చు రంగు చాలవరకు చెక్కది. కాల్చిన ఓక్ చెక్క లోపలి బొగ్గుపొర సరకులోని గంధకపు ఘాటును పీల్చును. చెక్కనుండి వనిల్లా వాసన, తీపి, వగరు దిగును. చెక్కరంధ్రములగుండ గాలి లోనికి వచ్చి మోటుదనమును విరుచును. ఇది మొదటి పది, పన్నెండు, పదునెనిమిది ఏండ్లలో చాలవరకు జరిగిపోవును. ఆపైన కొన్ని పీపాలలో సరకు మరింత లోతు పొందును. అనేకములలో చెక్క వగరు ముదిరి యవల రుచిని మింగివేయును. సారము నలుబదిపాళ్లకు తగ్గినచో దానిని స్కాచ్ అని అమ్ముటకే వీలులేదు. అందుచేత ముప్పది, నలుబది ఏండ్లు నిలిచిన పీపా తప్పక గొప్పదనుటకు వీలులేదు. చెడక బ్రతికినది అని మాత్రము చెప్పవచ్చును.

ఈ కాలములో కొంత సరకు ఆవిరియై పోవుచుండును. దానికి వారు దేవదూతల వాటా అని ముద్దుపేరు పెట్టినారు. స్కాట్లండు చలిలో ఏటికి నూటికి రెండుపాళ్లు పోవునని అంచనా. లెక్క వేసి చూడుడు: రెండువందల లీటర్లు పోసిన పీపాలో ఇరవైఅయిదేండ్లకు మిగులునది సుమారు నూటఇరవై. అనగా పోయిన సరకును బట్టి చూచినచో పాతదాని వెల రెండింతలకు లోపుగానే పెరుగవలెను. వడ్డీ, గిడ్డంగి అద్దె కలిపినచో మరికొంత. కాని ఒకే బట్టీవారి పన్నెండేండ్ల సీసాకంటె ఇరవైఅయిదేండ్ల సీసాకు పది రెట్లు, అంతకు మించియు అడుగుట సామాన్యము. మిగిలినది దేనికి ఇచ్చుచున్నాము?

మన దేశపు ఎండలో ఈ లెక్కయే తారుమారగును. 1948లో బెంగుళూరులో స్థాపితమైన అమృత్ బట్టీవారు 2004లో తమ సింగిల్ మాల్ట్‌ను గ్లాస్గోలోనే అమ్మకమునకు పెట్టినారు. అక్కడి వేడికి ఏటికి నూటికి పది పన్నెండు పాళ్లు ఆవిరియగును. పదిపాళ్లు అనుకొన్నను పదేండ్లకు రెండువందల లీటర్లలో మిగులునది డెబ్బది. వారు 2013లో ఎనిమిదేండ్ల విస్కీ విడుదల చేసి దానికి అత్యాశ దేవదూతలు అని పేరు పెట్టుకొన్నారు. మన ఎండలో నాలుగైదేండ్లకే పీపా చాలవరకు తన పని ముగించును. వయసు అంకె దేశము మారినచో అర్థము మారుననుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

ఇక ఆ అధిక వెల ఎట్లు వచ్చినదో చూడవలెను. సింగిల్ మాల్ట్ తరతరాలుగా లోకమంతట పేరుపొందినదని చాలమంది భ్రమ. స్కాచ్ అని మన దొరలు తాగినది దాదాపు అంతయు కలగలుపు సరకే. 1963లో గ్లెన్‌ఫిడిక్ బట్టీవారు తమ సింగిల్ మాల్ట్‌ను పరదేశములలో పనిగట్టుకొని అమ్మ మొదలుపెట్టినారు. అనగా ఈ మోజుకు వయసు అరువదేండ్లు దాటినదంతే. ఆ తరువాతి దశాబ్దిలో బట్టీలు అమితముగా కాచినవి, గిరాకి పడిపోయినది, గిడ్డంగులలో విస్కీ సరస్సైనదని అప్పుడు హాస్యమాడినారు. 1983లో పోర్ట్ ఎలెన్, బ్రోరా మొదలగు బట్టీలు మూతబడినవి, పనివారు వీధిన పడినారు. అమ్ముడుపోక గిడ్డంగులలో మిగిలిన ఆ సరకే ఇరవై ముప్పది ఏండ్ల తరువాత, మూతబడిన బట్టీ సరకను కీర్తితో, వేలకొలది పౌనులు పలికినది. ఆ లాభము చూచి బ్రోరాను 2021లోను, పోర్ట్ ఎలెన్‌ను 2024లోను తిరిగి తెరచినారు. నాడు అమ్ముకొనలేకపోయిన సరకు నేడు అపురూపమైనదన్న మాట.

ఈ మోజుకు కొస 2023 నవంబరులో లండనులో కనబడినది. 1926లో కాచి, అరువదేండ్లు పీపాలో ఉంచి, 1986లో నలుబది సీసాలు మాత్రమే నింపిన మకాలన్ విస్కీలో ఒక సీసా వేలములో ఇరవైయొక్క లక్షల పౌనులు దాటినది. దానిని కొన్నవాడు తాగుటకు కొన్నాడని నేను నమ్మను.

తాగినవాని కథ ఒకటి ఉన్నది. 2017లో స్విట్జర్లండులో ఒక చీనా రచయిత 1878 నాటి మకాలన్ అన్న సీసానుండి ఒక్క గుక్కకు దాదాపు పదివేల ఫ్రాంకులు ఇచ్చినాడు. అనుమానము వచ్చి పరీక్షింపగా అది 1970 ప్రాంతమున కాచిన కలగలుపు సరకని తేలినది. హోటలువారు పెద్దమనుష్యులై డబ్బు తిరిగి ఇచ్చినారు. మరుసటి ఏట స్కాట్లండు ప్రయోగశాలలో అపురూపమైనవని చెప్పబడిన యాబదియైదు సీసాలను పరీక్షింపగా ఇరువదియొకటి నకిలీవో, చెప్పిన ఏట కాచనివో అని బయటపడినది. వాసనపట్టి చెప్పలేని భేదమును అణుశాస్త్రము చెప్పవలసి వచ్చినది.

ఇప్పుడు ఆ శ్రోత లేఖలోని రెండవ మాటకు, కురుపాం కొండలకు వత్తును. ఒకప్పుడు విశాఖపట్టణపు జిల్లా జమీగా ఉండి, 2022 ఏప్రిల్ నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన ఈ ప్రాంతమున, గుమ్మలక్ష్మీపురము వైపు ఎక్కిన కొలది సవరల, జాతాపుల గూడెములు కలవు. వారి కల్లు జీలుగుచెట్టుది. జీలుగు పూతకు వచ్చుటకు పది పదునైదు ఏండ్లు పట్టును. పూత మొదలు తలవద్ద వచ్చి, గెల వెంట గెలగా క్రిందికి దిగుచు వచ్చును. అడుగు గెల తీరగానే చెట్టు చచ్చును. గెల కొన కోసి కట్టిన కుండలో దిగిన కల్లు ఉదయము తీపి, సాయంకాలమునకు ఘాటు, మరునాటికి పులుపు. స్కాట్లండులో ఏండ్లు గడుపునది సరకు; ఇక్కడ ఏండ్లు గడుపునది చెట్టు. శ్రోత గమనింపనిది ఇదే. వారి కల్లులోను పదునైదేండ్ల కాలము ఉన్నది, దానికెవరును వెల కట్టలేదు, అంతే. సవరలలో పెండ్లిమాటలకు వెళ్లువారు కల్లుకుండతో వెళ్లుదురు, పితృదేవతలకు కల్లు ధారపోయుదురు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాష నేర్చినది ఈ కొండల అంచుననే.

వెల కట్టినవారు లేకపోలేదు, వారు మరొక విధముగా కట్టినారు. ఇదే తూర్పుకనుమల వరుసలో నైరుతి దిక్కున గోదావరి మన్యములోని రంపలో, ఇంటివాడకమునకు కల్లు గీసికొను హక్కును ఆబ్కారీ నిబంధనలు తీసివేసి కంట్రాక్టుదారుల పరము చేయగా, మన్సబుదారు చిగురుపన్ను పేరిట వసూళ్లు హెచ్చింపగా, 1879 మార్చిలో పితూరీ లేచినది. అది విశాఖపట్టణపు జిల్లా గొలుగొండ కొండలకు కూడ ప్రాకినది. స్కాట్లండు రైతుకు 1823లో దొరకిన మార్గము, అనగా స్వల్ప రుసుముతో తన బట్టీని తానే పెట్టుకొను మార్గము, మన కొండవానికి దొరకలేదు. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టము కల్లును మరింత గట్టిగా సర్కారు ఆదాయము క్రింద చేర్చినది. అక్కడ గ్లెన్‌లివెట్ అను లోయపేరు సొత్తయినది. ఇక్కడ జీలుగు గీసిన వాని పేరు కేసుల పుస్తకములోనికి ఎక్కినది.

శ్రోతకు నేను వ్రాసిన జవాబు ఇది. తాగుటకే అయినచో పన్నెండు మొదలు పదునెనిమిదేండ్ల వరకు ఉన్నదానికి ఇచ్చిన డబ్బులో చాలభాగము నాలుకకు చేరును. ఆపైన ఇచ్చునది అరుదనమునకు, పేరుకు, పెట్టెకు. దాచుటకైనచో, 2022 తరువాత వేలములలో పాత విస్కీ ధరలు తగ్గినవి. మీదు మిక్కిలి, మన రాష్ట్రములో లైసెన్సు లేక ఒక్క సీసాయైనను అమ్ముట నేరము. బంగారపు గొలుసును పార్వతీపురములో ఏ దుకాణములోనైనను తాకట్టు పెట్టుకొనవచ్చును. ఆ సీసాలను అమ్మవలెనన్న మేనల్లుని ఓడ తిరిగి వచ్చువరకు ఆగవలెను. అమ్మాయి పెండ్లి ముహూర్తము ఆగదు.