ఆలుమగల తగవు: రచ్చబండ నుంచి కోర్టు దాకా



కొన్నేళ్ల కిందట మా బడిలో చదివే పిల్లవాడి తల్లి ఒక కాగితం తెచ్చి, "అయ్యవారూ, నా మొగుడు విడాకులిచ్చేశాడంట, చదివి చెప్పండి" అని కన్నీళ్లు పెట్టుకుంది. అది కన్నడంలో ఉన్న కోర్టు నోటీసు. చదివితే, ఆయన అడిగింది విడాకులు కాదు. ఆమె తిరిగి కాపురానికి రావాలని అడిగాడు. చట్టంలో దీనికి దాంపత్య హక్కుల పునరుద్ధరణ అని పేరు.

ఈ దావాకు పెద్ద చరిత్రే ఉంది. పదకొండేళ్లకే పెళ్లయిన రఖ్మాబాయి మీద 1884లో బొంబాయిలో భర్త ఇలాంటి దావానే వేశాడు. భర్త ఇంటికి వెళ్లకపోతే ఆరు నెలల జైలు అని 1887లో తీర్పు వచ్చింది. జైలుకైనా వెళతాను గానీ అక్కడికి వెళ్లనని ఆమె నిలబడింది. 1888లో డబ్బుతో రాజీ కుదిరింది. తరువాత ఆమె లండన్‌లో చదివి డాక్టరయింది. 1923లో ఈ దావాలకు జైలు శిక్ష తీసేశారు. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఈ సెక్షనే చెల్లదంది గానీ, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. కనుక ఇలాంటి నోటీసు వస్తే భయపడవద్దు. అలాగని పక్కన పడేయనూవద్దు.

మరి అంతకు ముందు మన వాళ్ల తగవులు ఎక్కడ తీరేవి? రచ్చబండ మీద, కులపెద్దల ముందు. చాలా కులాల్లో విడాకులు, మారుమనువు ఆచారంగానే ఉండేవి. 1955 హిందూ వివాహ చట్టం కూడా అలాంటి ఆచారపు విడాకులను కొట్టివేయలేదు. పెద్దలకు రెండు కుటుంబాలూ తెలుసు, మాట్లాడేది మన భాషే. అది మంచి. కానీ ఆడమనిషి తరఫున తండ్రో అన్నో మాట్లాడేవాడు, ఆమె గొంతు వినపడేది కాదు. అది లోటు.

సరిహద్దుల్లో ఇంకో చిక్కు. బొంబాయి రాష్ట్రంలో 1947లోనే హిందువులకు విడాకుల చట్టం వచ్చింది గనుక షోలాపూరు తెలుగు నేతగాళ్లకు అది వర్తించింది. అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉన్న బళ్లారి, హోసూరు వాళ్లకు 1949లో వచ్చింది. యానాం 1954 దాకా ఫ్రెంచి ఏలుబడిలో ఉంది. ఒకే ఇంటిపేరు వాళ్లకు మూడు చోట్ల మూడు న్యాయాలన్నమాట!

1976లో ఇద్దరూ ఒప్పుకుంటే విడిపోయే వీలు కల్పించారు. 1984 కుటుంబ న్యాయస్థానాల చట్టం, ముందు రాజీకి ప్రయత్నించమని న్యాయమూర్తికే చెప్పింది, సలహాదారులను పెట్టమంది. అంటే రచ్చబండ చేసిన పని కోర్టు గడపలోకి వచ్చింది. ఈసారి భార్య మాట భార్యే చెప్పుకోవచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది.

ఆ పిల్లవాడి తల్లికి కూడా అలాగే ఒక వకీలును ఇచ్చారు. సలహాదారు ముందు భార్యాభర్తలను విడివిడిగా కూర్చోబెట్టి అడిగితే, అసలు తగవు పట్నం నుంచి అతను పంపిన డబ్బు ఎవరి చేతికి వెళ్లాలన్నదని తేలింది. ఇద్దరూ దాన్ని తేల్చుకుని ఇంటికి వెళ్లారు.

అన్ని కాపురాలూ నిలవాలని నేననను. దెబ్బలు తినే ఇంట్లో సర్దుకుపొమ్మనడం న్యాయం కాదు, అందుకు 2005 గృహహింస చట్టం ఉంది. నిలిచినా విడిపోయినా, ఇద్దరి మాటా వినాలి, ఇద్దరికీ అర్థమయ్యే భాషలో వినాలి. మీ ఊళ్లో ఎవరి చేతిలోనైనా అర్థంకాని కోర్టు కాగితం కనబడితే, దయచేసి చదివి చెప్పండి.