ప్రాథమిక పాఠశాలలో చేతిపని: వార్ధా నుంచి ఆళ్లగడ్డ దాకా

బడిలో ‘రూపకల్పన – సాంకేతికత’ అనగానే కంప్యూటర్ నేర్పడమని భావించడం పరిపాటి. విద్యావేత్తల దృష్టిలో మాత్రం అది ఒక అవసరాన్ని గుర్తించి, దాన్ని తీర్చే వస్తువును ముందుగా గీసుకుని, తగిన సరుకు ఎంచుకుని, కొలిచి తయారుచేసి, చివరికి పరీక్షించి సరిదిద్దుకునే క్రమం. ఇంగ్లండులో 1990 నుంచి ఐదేళ్ల పిల్లలకు సైతం నిర్బంధ పాఠ్యాంశమైన ఈ విద్య తెలుగునాట ఆ పేరుతో ప్రాథమిక తరగతులకు రాలేదు గాని, దాని అంశాలు వేర్వేరు పథకాల్లో విడివిడిగా కనిపిస్తాయి.

1937లో విద్యపై జరిగిన వార్ధా సమావేశం దరిమిలా జాకిర్ హుస్సేన్ కమిటీ రూపొందించిన ప్రణాళిక, ఏడు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల చదువుకు చేతివృత్తిని కేంద్రం చేసి, రోజుకు 5 గంటల 30 నిమిషాల బడి వేళలో 3 గంటల 20 నిమిషాలు నూలు వడకడం, నేత, వడ్రంగం వంటి పనులకు కేటాయించింది. ప్రతి పనికీ కారణం తెలిపి నేర్పాలని నివేదిక చెప్పినా, పిల్లలు చేసిన వస్తువుల అమ్మకంతో బడి ఖర్చు గడవాలన్న ఆశయం ఆలోచన కంటే ఉత్పత్తికే పెద్దపీట వేసింది. 1964–66 నాటి కొఠారీ కమిషన్ ‘పని అనుభవం’ అన్నా, 1977లో ఈశ్వరభాయ్ పటేల్ కమిటీ ‘సామాజిక ఉపయోగకర ఉత్పాదక పని’ అన్నా, రూపకల్పనకు ప్రత్యేక స్థానం దక్కలేదు.

బ్రిటన్ సాయంతో 1980లలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు చేస్తూ నేర్చుకోవడాన్నీ, పరిసరాలను పాఠానికి వాడుకోవడాన్నీ, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించడాన్నీ బోధనా సూత్రాలుగా తెచ్చింది. అయితే అవి తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం నేర్పే పద్ధతులుగానే నిలిచాయి తప్ప, తయారీ ఒక పాఠ్యాంశం కాలేదు. 2011 రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం ‘పని విద్య’ను గుర్తించగా, 2020 జాతీయ విద్యావిధానం స్థానిక వృత్తి నిపుణులను బోధకులుగా ఆహ్వానించవచ్చంటూనే, పుస్తకాలు పక్కనపెట్టి వృత్తిపనులు నేర్చుకునే పది ‘సంచీ లేని రోజుల’ను ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకే సూచించింది.

బడి వదిలేసిన రూపకల్పన ఒకప్పటి కర్నూలు జిల్లాలోని ఆళ్లగడ్డ రాతి శిల్పుల వద్ద పుష్కలంగా ఉంది. విగ్రహానికి తగిన రాయిని ఎంచి, మూర్తి ముఖాన్ని ప్రమాణంగా తీసుకునే తాళమానం (అవయవాల నిష్పత్తులను నిర్ణయించే కొలతల పద్ధతి) ప్రకారం గీతలు గీసుకున్నాకే శిల్పి ఉలి పడతాడు. ఒకసారి లేచిపోయిన పెచ్చు తిరిగి అతకదు కనుక ఆలోచనంతా దెబ్బకు ముందే సాగాలి. రాతి ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కాబట్టి చిన్నపిల్లల చేతికి ఉలి ఇవ్వకూడదు. గీయడం, కొలవడం, సరిచూడడం మాత్రం బంకమట్టితో, అట్టముక్కలతో మూడో తరగతి నుంచే నేర్పవచ్చు.

2022లో ఆళ్లగడ్డ ప్రాంతం కొత్త నంద్యాల జిల్లాలోకి వచ్చాక కూడా బడి చదువు, శిల్పుల పని అనే ఈ రెండు విద్యలూ వేర్వేరు కప్పుల కిందే సాగుతున్నాయి. వాటిని కలపడానికి కొత్త పుస్తకం అక్కరలేదు. లెక్కల పాఠంలోని కొలతలను తయారీతో జోడించి, శిల్పిని నెలకోసారి తరగతికి పిలిస్తే చాలు.