ముందు గేరుకు పట్టిన గతి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. ఈ మూడు పట్నాల్లో ఏ సైకిల్ షాపు ముందైనా కాసేపు నిలబడండి. రిపేరుకొచ్చిన గేర్ సైకిళ్ళలో చాలావాటికి ముందు గేరు మార్చే ఎడమచేతి లీవర్ ఉత్త అలంకారమే. వైరు తెగిపోయి ఉంటుంది, లేదా మిస్త్రీయే వైరు విప్పేసి, ముందు గేరు కదలకుండా స్క్రూ బిగించి ఉంటాడు. ముందు గేరు మన రోడ్లకు పనికిరాదన్న మాట మా వృత్తిలో పాతుకుపోయింది. నేను ఒప్పుకోను. ఎందుకో తెలియాలంటే ఈ పని మా చేతికి ఎట్లా వచ్చిందో చెప్పాలి.

మా నాయినది సూర్యాపేటలో కిరాయి సైకిళ్ళ దుకాణం. ఊరికి రైలు లేదు, సరుకంతా హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద లారీల్లోనే దిగేది. సైకిల్ తయారై వచ్చేది కాదు. లూధియానా హీరో అయినా, సోనీపత్ అట్లాస్ అయినా, మద్రాసు హెర్క్యులెస్ అయినా ఫ్రేములు, రిమ్ములు, పుల్లల కట్టలు విడివిడిగా వచ్చేవి. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40. అల్లి, బెండు తీసి నిలబెట్టేవాడే మిస్త్రీ. మా నాయిన చక్రం తిప్పి వదిలి, చెవి ఒగ్గి, కోన్ ఎంత బిగించాలో చెప్పేవాడు.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళొదిలాక మిర్యాలగూడ చుట్టూ వరి పెరిగింది, వెంట రైసు మిల్లులు లేచాయి. అక్కడి షాపులకు బస్తాలు మోసే సైకిళ్ళే బతుకుతెరువు: వంగిన ఫోర్కులు, కూలబడ్డ క్యారియర్లు. కోదాడలో పాల క్యాన్ల వాళ్ళు, బట్టల మూటల వాళ్ళు. 1982లో రామారావుగారు తెలుగుదేశం పెట్టి సైకిల్ గుర్తు తెచ్చాక ఎన్నికల ర్యాలీలకు కిరాయి బళ్ళు చాలక కొట్లాటలయ్యేవి. ఆ ఎన్నికల్లో మా నాయిన ఓటు ఎవరికో తెలియదు గానీ లాభం మాత్రం మాకే.

ఇన్ని దశాబ్దాలూ సైకిల్‌కు ముందు ఒకటే చైన్ వీల్, వెనక ఒకటే ఫ్రీవీల్. చైన్ సాగితే వెనక చక్రం జరుపు, కాటర్ పిన్ అరిగితే మార్చు. గొలుసు పక్కకు కదలకూడదన్నదే మేం నేర్చిన మొదటి పాఠం. గొలుసును పనిగట్టుకొని పక్కకు నెట్టే డీరైలర్ మాకు అందుకే గిట్టలేదు.

టూర్ డి ఫ్రాన్స్ పోటీల్లో డీరైలర్‌ను 1937లోనే అనుమతించారు. తొలినాళ్ళ ముందు గేర్లకు వైరే లేదు. సీటు కింద ఉండే చిన్న కడ్డీని చేత్తో తిప్పి గొలుసును దాటించేవాళ్ళు. మా దగ్గరికి మాత్రం ముందు గేరు 18, 21 గేర్ల పిల్లల సైకిళ్ళతో పాటు తయారుగా వచ్చి పడింది. నేర్పినవాడు లేడు. కంపెనీ ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉండేది. అందరూ దాని మీదున్న రెండు స్క్రూలు తిప్పి చూసి, విసిగి, కట్టేశారు.

హైవే నాలుగు వరసలయ్యాక విజయవాడ వైపు తొక్కే రోడ్ బైకుల వాళ్ళు సూర్యాపేటలో ఆగడం మొదలైంది. ఆ బైకులకు ముందు 50, 34 పళ్ళ చక్రాలు రెండు. అందరిదీ ఒకటే ఫిర్యాదు: కరకర. గొలుసు ముందు గేరు రెండు రేకుల మధ్య నుంచి పోతుంది. వెనక పెద్ద చక్రం మీదికో చిన్న చక్రం మీదికో మారితే గొలుసు వాలు మారి ఏదో ఒక రేకును రాసుకుంటుంది. పాత లీవర్లకు టిక్కులు లేవు, తొక్కేవాడే వేలితో కాస్త జరుపుకొనేవాడు. 1990లో షిమానో గేర్లను బ్రేకు లీవర్‌లోకి తెచ్చాక అన్నీ లెక్క ప్రకారం టిక్కులయ్యాయి. అందుకే రేకును కొద్దిగా మాత్రమే జరిపే సగం టిక్కు పెట్టాల్సి వచ్చింది. దాన్నే ట్రిమ్ అంటారు. చాలామందికి తమ లీవర్‌లో అది ఉందనే తెలియదు. రాపిడి వినగానే మిస్త్రీ స్క్రూ తిప్పుతాడు, రోగం మాత్రం వైరులో ఉంటుంది. స్క్రూలు గొలుసు పడిపోకుండా కాపలా కాసేవే. సరైన పద్ధతి ఇది: బయటి రేకు పెద్ద చక్రం పళ్ళకు 1 నుంచి 3 మిల్లీమీటర్ల పైన, చక్రానికి సమాంతరంగా ఉండాలి. ముందు చిన్న చక్రం, వెనక అన్నిటికన్నా పెద్దది వేసి, వైరు వదులు చేసి, లోపలి రేకు గొలుసును తాకీ తాకకుండా ఉంచాలి. వైరు బిగింపు ఆ తర్వాతే.

2012లో శ్రామ్ కంపెనీ ముందు ఒకటే చక్రంతో ఎక్స్ఎక్స్1 సెట్టు తెచ్చింది. మేం ఎప్పుడో తీసేశాం కదా అని మావాళ్ళు మీసం తిప్పారు. శ్రామ్ వాళ్ళు ముందు గేరు తీసేసి వెనక 10 నుంచి 42 పళ్ళ దాకా 11 చక్రాలు పెట్టారు. మేం ముందుది కట్టేసి, వెనకున్న ఆరేడింటితో గట్టెక్కమని పిల్లవాణ్ణి ఎత్తురోడ్డు మీదికి పంపాం. ఈ రెండింటికీ పోలికే లేదు.

గేర్ సైకిల్ రిపేరుకు తెచ్చేటప్పుడు ఒక్క పని చేయండి. ముందు ఏ చక్రం, వెనక ఏ చక్రం మీదున్నప్పుడు రాసుకుంటుందో చూసుకొని రండి, సగం టిక్కు నొక్కితే పోతుందేమో కూడా చూడండి. అది చెప్పకముందే ముందు గేరు విప్పేస్తానన్న మిస్త్రీకి సైకిల్ అప్పగించకండి.