నీలిమందు చరిత్రలో రంగుబాన స్థానం

తెలుగునేల నీలిమందు చరిత్రలో రేవులు, వర్తక సంఘాలు, ఎగుమతుల ప్రస్తావనే ఎక్కువ. అద్దకం పనివారి నేర్పుకు అందులో దక్కిన చోటు స్వల్పం. అందువల్ల నీలిమందు క్షీణతను మనం సగమే గ్రహిస్తున్నామన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

గోల్కొండ రాజ్యపు నీలిమందు మచిలీపట్నం రేవు నుండి ఎగుమతి అయ్యేది. డచ్చి వారు 1669లో నేటి ఖమ్మం జిల్లాలోని నాగులవంచలో వర్తక స్థావరం నెలకొల్పారు. అది 1687 వరకు సాగింది. గోల్కొండ మొగలుల వశమైనదీ ఆ ఏడే. 19వ శతాబ్దంలో కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాలు నీలిసాగుకు పేరుపొందాయి. జర్మనీకి చెందిన బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ 1897లో కృత్రిమ నీలిమందును విపణిలోకి తెచ్చిన తరువాత ఆ సాగు క్షీణించింది.

అయితే పైరుతోపాటే అద్దకపు విద్య కూడా పోయిందనడం సరికాదు. నీలి ఆకును నీటిలో నానబెట్టినప్పుడు వెలువడే పదార్థం గాలి సోకి నీలిమందుగా మారుతుంది. అది నీటిలో కరగదు. కరగనిదే నూలుకు పట్టదు. సున్నం, చౌడు, ఉడికించిన తగిరిస గింజలు చేర్చి బానలో పులియబెడితే అది కరిగే రూపం పొందుతుంది. ఆ బానలో ముంచి తీసిన నూలు మొదట పచ్చగా ఉండి, గాలి తగలగానే నీలమవుతుంది. ముదురు రంగు రావాలంటే పలుమార్లు ముంచి ఆరబెట్టాలి.

కృత్రిమ నీలిమందు కూడా రసాయనికంగా ఇదే పదార్థం. అదీ నీటిలో కరగదు. దానినీ పులియబెట్టిన బానలోనే వాడవచ్చు. కాబట్టి బానకు అసలు పోటీ కర్మాగారపు నీలిమందు కాదు, దానిని త్వరగా కరిగించే సోడియం హైడ్రోసల్ఫైట్. మొదటిది రైతు పంటను దెబ్బతీసింది. రెండవది వాసన, నురుగు, రంగు చూసి బానను కాపాడుకునే నేర్పును అనవసరం చేసింది. ఈ రెండు నష్టాలను వేరుచేసి చూడాలి.

విత్తనం ఉంటే పైరును మళ్లీ వేయవచ్చు. బాన నేర్పు మాత్రం చేతి పనిలో, నోటి మాటలో తరం నుండి తరానికి అందవలసినది. భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షణలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం 1962లో వ్యవసాయ పదాలకు, 1971లో చేనేత పదాలకు ఒక్కో సంపుటాన్ని కేటాయించింది. బాన సిద్ధమైనదనీ, అలసినదనీ, చెడినదనీ అద్దకంవారు చెప్పుకొనే పలుకుబడులకూ అంతటి శ్రద్ధ అవసరం. వర్తక పత్రాలు నీలిమందు తూకాన్ని, వెలను చెప్పగలవు. బాన సంగతి చెప్పవలసింది ఆ మాటలే.