చుక్కల కుక్క - వంశశుద్ధి

తెల్లని మేను, దానినిండా గుండ్రని నల్లమచ్చలు - ఈ రెండు మాటలు చెప్పగానే డాల్మేషియన్ కుక్క మన స్ఫురణకు వస్తుంది. డోడీ స్మిత్ 1956లో వ్రాసిన పిల్లల నవల, దాని ఆధారంగా డిస్నీ సంస్థ 1961లో తీసిన చలనచిత్రం ఈ జాతిని లోకమంతటా ప్రసిద్ధం చేసినవి. అయితే ఆ అందం వెనుక తరతరాలుగా ఒక లోపం దాగి వున్నది. ఆ లోపాన్ని తొలగించే మార్గం తెలిసిన తరువాత కూడ, బాగుపడిన కుక్కలకు వంశావళి గ్రంథంలో స్థిరమైన చోటు దొరకడానికి 30 సంవత్సరాలు పట్టినది. జాతిశుద్ధి అనే మాటకు అర్థమేమిటో ఆలోచింపజేసే కథ యిది.

కుక్కలలో రకాలు ప్రాచీనకాలం నుంచీ వున్నవే. వేటకు ఒకటి, కాపలాకు ఒకటి, మందను తోలడానికి ఒకటి - ఇలా పనినిబట్టి మనుష్యుడు వాటిని ఎన్నుకొంటూ వచ్చినాడు. పనిలో దిట్ట అయితే చాలును. దాని తాతముత్తాతల పేర్లు అడిగేవారు అరుదు. ఈ దృష్టి ముఖ్యంగా 19వ శతాబ్దపు ఇంగ్లండులో మారినది. 1859లో న్యూకాసిల్ పట్టణంలో కుక్కల ప్రదర్శన జరిగినది. 1873లో లండనులో కెన్నెల్ క్లబ్బు, 1884లో అమెరికన్ కెన్నెల్ క్లబ్బు వెలసినవి. ప్రతి జాతికీ రూపలక్షణాలను నిర్ణయించే పత్రం, వంశావళి గ్రంథం ఏర్పడినవి. ఆ గ్రంథంలో పేరుకెక్కిన తల్లికీ తండ్రికీ పుట్టినదే శుద్ధజాతి అన్న నియమం క్రమంగా స్థిరపడినది.

డాల్మేషియన్‌కు ఆ పేరు ఏడ్రియాటిక్ సముద్రతీరాన, క్రొయేషియాలో వున్న డాల్మేషియా ప్రాంతాన్నిబట్టి వచ్చినది. కాని దానికి ప్రఖ్యాతి కలిగినది ఇంగ్లండులో. ధనవంతుల గుర్రబ్బండ్ల ప్రక్కన పరుగెత్తడం, బండి ఆగినచోట గుర్రాలకూ సామానుకూ కాపలా కాయడం దాని వృత్తి. అమెరికాలో నిప్పులార్పే గుర్రబ్బండ్ల వెంట కూడ అది పరుగు తీసినది. గట్టి కాళ్లు, అలసట యెరుగని పరుగు, గుర్రాలతో చెలిమి ఆ వృత్తికి తగిన గుణాలే. మోటారు బండ్లు వచ్చి గుర్రబ్బండ్లు పోయినవి. కుక్కకు పని పోయినది, మచ్చలు మిగిలినవి. ప్రదర్శనలలో న్యాయనిర్ణేతల చూపు ఆ మచ్చలపైననే నిలిచినది.

డాల్మేషియన్ పిల్లలు పుట్టినప్పుడు దాదాపు తెల్లగా వుంటవి. పది పదిహేను రోజులకు మచ్చలు తేలడం మొదలౌతుంది. వెంట్రుకలకు రంగునిచ్చే కణాలు చర్మంలో చాలాభాగాన లేకపోవడం ఈ తెలుపునకు కారణం. ఆ కణాల అవసరం లోపలి చెవికి కూడ వున్నది. అక్కడ అవి లోపించిన పిల్లలు చెవిటివి కావచ్చును. ఈ జాతిలో చెవుడు ఎక్కువగా కనిపించడానికి ముఖ్యకారణం యిదే.

రెండవ లోపం కంటికి కనిపించనిది. ఆహారంలోని కొన్ని పదార్థాల నుండి శరీరంలో యూరిక్ ఆమ్లం పుడుతుంది. తక్కిన కుక్కలలో చాలావాటికి కాలేయం దానిని సులభంగా కరిగే మరొక పదార్థంగా మార్చివేస్తుంది. డాల్మేషియన్ కాలేయంలో కూడ ఆ మార్పుచేసే ద్రవ్యం వున్నది. కాని యూరిక్ ఆమ్లాన్ని కణాలలోనికి చేరవేసే వాహకం చెడిపోయి వున్నది. మూత్రపిండాలలోను అదే లోపం. కనుక ఆమ్లం మూత్రంలోనికి అధికంగా వచ్చి, ఒక్కొక్కప్పుడు రాళ్లుగా పేరుకొంటుంది. మగకుక్కలలో మూత్రనాళం ఇరుకైనందున రాయి అడ్డుపడితే ప్రాణాపాయమే. మనుష్యులలో వాతరక్తమనే కీళ్లజబ్బును కలిగించేదీ ఈ ఆమ్లమే.

ఇది తల్లిదండ్రు లిద్దరినుంచీ లోపమున్న జన్యువు వచ్చినప్పుడే బయటపడే గుణమని 1938లో ట్రింబుల్, కీలర్ అనే శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. అటువంటి గుణం దగ్గరి రక్తంలో బలపడుతుంది. మేనరికాలు తరచుగా జరిగే కుటుంబాలలో కొన్ని వంశవ్యాధులు బయటపడడం మన వైద్యులు ఎరిగినదే. డాల్మేషియన్ల విషయంలో అది పరాకాష్ఠకు చేరినది. శుద్ధజాతి కుక్కలన్నింటికీ రెండు జన్యువులూ లోపమున్నవే. ఎంత వెదకినా ఆ గ్రంథంలో మంచి జన్యువు మిగిలిలేదు. అది బయటినుంచే రావలెను.

1973లో అమెరికా జన్యుశాస్త్రజ్ఞుడు రాబర్ట్ షైబుల్ పాయింటర్ అనే వేటజాతి కుక్కతో డాల్మేషియన్‌కు ఒకేఒక్క పర్యాయం జత కలిపించినాడు. ఆపైన పుట్టిన పిల్లలలో మూత్రం సరిగావున్న వాటిని ఏరి, తిరిగి డాల్మేషియన్లతోనే కలుపుతూ వచ్చినాడు. పాయింటర్ వంతు మొదటితరంలో సగం, రెండవతరంలో నాలుగవవంతు. ఐదవతరంలో లెక్కకు 32లో ఒక పాలు మాత్రమే. 1981లో అమెరికన్ కెన్నెల్ క్లబ్బు ఆ సంతతిలో రెండింటిని నమోదు చేసినది. డాల్మేషియన్ సంఘ సభ్యులలో అనేకులు అభ్యంతరం చెప్పగా, వాటి సంతానానికి తలుపు మూసివేసినది.

ఆ సంతతిని కొందరు పట్టుదలతో పెంచుతూనే వచ్చినారు. 2008లో లోపమున్న జన్యువేదో డానికా బానాష్, ఆమె సహచరులు కాలిఫోర్నియాలో గుర్తించినారు. బుల్‌డాగు వంటి జాతులలో కూడ ఆ లోపం కనిపించినది. మంచి జన్యువును పరీక్షతో తేల్చడం సులభమైనది. బ్రిటిషు కెన్నెల్ క్లబ్బు 2010లోను, అమెరికన్ కెన్నెల్ క్లబ్బు 2011లోను ఆ సంతతిని అంగీకరించినవి.

అడ్డుచెప్పినవారికి తమ కుక్కలపై ప్రేమ లేదనుకొనడం న్యాయం కాదు. వంద సంవత్సరాల శ్రమ పాడౌతుందేమోనని వారు భయపడినారు. కాని ఈనాడు ఆ సంతతి డాల్మేషియన్ ప్రదర్శనలో నిలబడితే, దాని పూర్వులలో ఒక పాయింటర్ వున్నదని కంటితో చూచి చెప్పడం కష్టం. మచ్చలు అవే, పరుగు అదే. బాధపెట్టే రాళ్ల భయం మాత్రం తగ్గినది. వంశావళి గ్రంథం కుక్కకోసం పుట్టినది. కుక్క దానికోసం పుట్టలేదు.