తగ్గని ఆయిలు

2002 ఎండాకాలంలో మా చిన్నాయన పాత యమహా ఆర్‌ఎక్స్ 100 ఒకటి కొన్నాడు. పదమూడు రోజులు నడిపాడు. పద్నాలుగో రోజు పొద్దున రాజంపేటలో ట్యాంకు నింపించుకుని కడపకు బయల్దేరాడు. నందలూరు దాటి, ఒంటిమిట్ట చెరువు ఇంకా కంటబడకముందే ఇంజను పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయి, బండి అడ్డంగా జారి, చిన్నాయన రోడ్డు మీద పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. పుత్తూరు కట్టు కట్టించుకుని నెలన్నర ఇంట్లో కూర్చున్నాడు. ఆ చెయ్యి ఈనాటికీ పూర్తిగా మడవదు. అన్నం కలుపుకునేటప్పుడు చూస్తే తెలుస్తుంది.

తప్పు ఎవరిదో ఆ సాయంత్రానికే మా ఇంట్లో తేల్చేశారు. వారం ముందు బండికి ఆయిలు మార్చిన మెకానిక్కుదని. "పాత ఆయిలు తీసినాడు సరే, కొత్తది పోసినాడో లేదో ఎవురు సూసినారు?" అన్నారు ఎవరో. ఆ మాటే వీధంతా తిరిగింది. ఆయన రెండుసార్లు ఇంటికొచ్చి, "నేను మార్చింది గేరాయిలప్పా, పిస్టన్ పట్టేసేదానికీ దానికీ సంబంధం ల్యా" అని చెప్పుకున్నాడు. ఎవరూ వినలేదు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. నేనూ వినలేదు. మా బంధువుల్లో ఒక్కరు కూడా మళ్ళీ ఆయన షెడ్డు గడప తొక్కలేదు.

బండిని పశువుల కొట్టంలో గోడకు ఆనించి గోనెపట్టా కప్పారు. ఇరవై రెండేళ్ళు అట్లే ఉంది. ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985లో మొదలై 1996లో ఆగిపోయిన బండి. ఆగిపోయిన తర్వాతే దానికి మోజు పెరిగింది. ఇప్పుడు పాడైన బండిని కూడా వెతుక్కుంటూ వచ్చి కొంటున్నారు. ఆ మోజుతోనే 2024 సంక్రాంతి సెలవుల్లో మా మేనల్లుడు గోనెపట్టా లాగేశాడు. వాడు శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగట్టుకోట్టైలో, కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఇంజను విప్పుదామని కూర్చున్నాం. నాలుగు రోజుల్లో విప్పింది ఇంజను ఒక్కదాన్నే కాదు.

మొదట మా చేతికి తగిలింది ఆయిల్ ట్యాంకు. నిండుగా ఉంది.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. టూ స్ట్రోక్ ఇంజనులో పిస్టన్‌కు నూనె అందేది పెట్రోలుతో పాటే. రెండూ కలిసి లోపలికి పోయి కలిసి మండుతాయి. అందుకే పొగ వస్తుంది. చేతక్ స్కూటరుకైతే బంకులోనే పెట్రోలుకు తగ్గట్టు ఆయిలు కొలిచి పోసేవాళ్ళు. ఆర్‌ఎక్స్‌కు ఆ పని లేదు. పక్కన వేరే ఆయిల్ ట్యాంకు ఉంటుంది, ఇంజను తిరిగేకొద్దీ చిన్న పంపు ఒకటి కావలసినంత నూనెను తానే అందిస్తుంది. గేర్లకు పోసే నూనె పూర్తిగా వేరు, అది పిస్టన్ దాకా పోదు. అంటే మెకానిక్ చెప్పింది నిజమే. గేరాయిలు ఒక్క చుక్క లేకపోయినా గేర్లు అరుగుతాయి గాని పిస్టన్ పట్టదు. ఈ ఒక్క సంగతి తెలిసినవాళ్ళు ఆ రోజు మా ఇంట్లో ఒక్కరుంటే చాలేది.

నిండు ట్యాంకు చూసి చిన్నాయన అరుగు మీద నుంచే అన్నాడు: "అప్పుడూ అంతే. దినామూ పొద్దున చీపురుపుల్ల ముంచి సూసేవాణ్ణి. పదమూడు దినాలూ ఒక్క గీత దిగల్యా. ఆయిలు తాగని బండి దొరికిందని మురిసిపోయినా."

మేనల్లుడు స్పానరు కింద పెట్టాడు. నూనె తగ్గలేదంటే పంపు అందించలేదన్నమాట. ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు గొట్టాన్ని వేలితో తడుముకుంటూ పోయాం. పంపు దగ్గరికి చేరాల్సిన కొన సీటు కింద మడిచి ఉంది. దాంట్లో సైకిలు బోల్టు ఒకటి దూర్చి, ఇనప తీగతో బిగించారు. కవరు విప్పితే లోపల పంపే లేదు. పంపు ఉండాల్సిన చోట అల్యూమినియం బిళ్ళ ఒకటి మూతగా ఉంది. అంచులు నున్నగా, రెండు స్క్రూలతో కొలత తప్పకుండా, లేత్ మిషను మీద చేసిన పని.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ రెండు పనుల తేడా. బిళ్ళ చేసినవాడు పనిమంతుడు, తీరిగ్గా చేశాడు. బోల్టు దూర్చినవాడు ఆత్రంలో, చేతికందిన దాంతో కానిచ్చాడు. రెండు చేతులు, రెండు వేర్వేరు రోజులు.

పంపు తీసేసి మూత వేసేవాళ్ళు ఎవరు? మేనల్లుడికి అనుమానం వచ్చింది గాని నోరు తెరవలేదు. బండి కిందికి పాకి టార్చి వేసి గేరాయిలు దింపే బోల్టు చూశాడు. బోల్టు తల అడ్డంగా, సన్నటి డ్రిల్లు బిట్టుతో, ఈ పక్క నుంచి ఆ పక్కకు బెజ్జం. చిన్నాయన వెంటనే గుర్తు చేసుకున్నాడు. 2002లో ఆయిలు మార్చిన రోజు మెకానిక్కు అదే బోల్టు చేతిలో తిప్పుతూ, "దీనికి బెజ్జం ఎవురు పెట్టినారప్పా? నేనెప్పుడూ సూడల్యా" అన్నాడట. ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజు వినిపించిన మొట్టమొదటి ఆనవాలు అదే, అదీ దోషి అని మేము అనుకున్న మనిషి నోటి నుంచి.

రేసు ట్రాక్ మీదికి పోయే బండికే అలాంటి బెజ్జం పెడతారు. దాంట్లో సన్నటి తీగ దూర్చి బోల్టును కట్టేస్తారు. అదురుకు బోల్టు ఊడి నూనె ట్రాక్ మీద పడితే వెనక వచ్చేవాళ్ళందరూ జారిపడతారు కాబట్టి. రోడ్డు మీద తిరిగే బండికి ఆ అవసరం ఏ రోజూ రాదు. రేసు ఇంజనుకు నూనె ఎంత పోవాలో నడిపేవాళ్ళు తామే తేల్చుకుంటారు. పంపును నమ్మరు, తీసేసి ట్యాంకులోనే కొలిచి కలుపుకుంటారు. బిళ్ళ సంగతి అక్కడికి తేలింది.

ఇక ఒక్కొక్కటీ వరసగా బయటికొచ్చాయి. కుడి ఫుట్‌రెస్టు కొన ఏటవాలుగా అరిగి ఉంది, సైలెన్సరు కింది అంచు కూడా. ఎడమ పక్క ఏమీ లేదు. చిన్నాయన పడినప్పటి గీతలు అనుకుందామంటే అవి ఒక్కసారికి పడే గీకుళ్ళు. ఇది పదేపదే ఒకే కోణంలో రాసుకున్న అరుగుదల. బండి వచ్చింది మద్రాసు నుంచి. ఆ పక్కనే ఇరుంగట్టుకోట్టైలో 1990లో మొదలైన రేసు ట్రాక్ చుట్టు 3.7 కిలోమీటర్లు. బండ్లు దాని మీద గడియారం ముల్లు తిరిగే దిక్కులో తిరుగుతాయి, అంటే కుడి మలుపులే ఎక్కువ. దానికి ముందు పోటీలు జరిగిన షోలవరం పాత రన్‌వే మీద ఇది తిరిగి ఉండదు. ఆర్‌సీ పుస్తకం ప్రకారం బండి పుట్టింది 1994లో.

మీటరు 19 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. చిన్నాయన ఆ అంకె చూసే బేరం ముగించాడు. మీటరు బిగించే క్లాంపు కింద కంపెనీ రంగు ఒరిజినల్‌గా లేదు, చాలాకాలం ఎండ తగిలి వెలిసిన రంగుంది. ఏళ్ళ తరబడి అక్కడ మీటరు లేదు. ట్రాక్ మీద మీటరు పెట్టరు, కాబట్టి అక్కడ తిరిగిన దూరం ఏ అంకెలోనూ ఎక్కదు. హెడ్‌లైటుదీ అదే కథ, డూము కొత్తది, దాని చెవులు పాతవి.   

సిలిండరు తీసిన రోజు నోట మాట రాలేదు. ఆర్‌ఎక్స్ 100 బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు 50, లెక్కిస్తే 98 సీసీ. మా వెర్నియర్ 58 చూపించింది. 58 బోరంటే ఆర్‌ఎక్స్ 135ది, 132 సీసీ. క్రాంక్‌కేసు మూతిని ఆకురాయితో రాసి ఆ సిలిండరు పట్టేట్టు చేశారు. పొగ బయటికి పోయే దారిని పైకి పెంచి అద్దంలా మెరుగుపెట్టారు. అలా పెంచితే ఇంజను పై వేగంలో దూకుతుంది, కింది వేగంలో బలం ఉండదు. పిన్నమ్మ అప్పుడు చెప్పింది, బోయనపల్లె దాటాక చిన్న ఎత్తు దగ్గర కూడా తనను దింపేసి చిన్నాయన ఒక్కడే ఎక్కించేవాడని. "నేనంత బరువున్నానా అని ఏడ్చినా" అంది.

పిస్టన్ చుట్టూ నిలువు గాట్లు. ఒక పక్క కాదు, చుట్టూ. కనెక్టింగ్ రాడ్డు కింది కొన నీలంగా తిరిగి ఉంది. ఉక్కు నీలం రంగుకు మారాలంటే మూడు వందల డిగ్రీల దాకా కాగాలి. పెట్రోల్లో కిరోసిన్ కలిపారని ఇంకొందరు అప్పట్లో బంకును అన్నారు. ఆ మాట కూడా ఇక్కడికి కొట్టుకుపోయింది. బేరింగు నుంచి పిస్టన్ దాకా ఎక్కడా నూనె చుక్క తగలక ఎండిపోయిన ఇంజను ఇది.

మిగిలింది ఒక్క చిక్కు. నూనె లేని టూ స్ట్రోక్ పదమూడు రోజులు ఎట్లా నడిచింది? అలాంటిది యాభై అరవై కిలోమీటర్లు పోవడమే గొప్ప.

దీనికి జవాబు మా ఇంట్లో ఇన్నేళ్ళుగా మంచితనంగా చెప్పుకున్న ఒక ముచ్చటలో ఉంది. కోడూరు నుంచి మామిడికాయలు మద్రాసు కోయంబేడుకు తోలే లారీ తిరుగు ప్రయాణంలో ఈ బండిని తెచ్చింది. తెచ్చిన బ్రోకరు దింపుతూ, "ట్యాంకు ఫుల్లు, నా తరఫున" అన్నాడట. పాత బండికి ట్యాంకు నిండా పెట్రోలు పోసి ఇచ్చేవాళ్ళు ఎక్కడుంటారు? ఆ పెట్రోల్లో ఆయిలు కలిపి ఉంది. పది లీటర్లు అలా నడిచింది. మధ్యలో చిన్నాయన లీటరు, రెండు లీటర్లు ఉత్త పెట్రోలు పోయిస్తూ వచ్చాడు, కలిపిన నూనె పల్చబడుతూ వచ్చింది. "నాలుగు దినాలు పొగ బాగా వచ్చ్యా. తర్వాత తగ్గిపోయ్యా. సర్వీసింగు చేయించినాక బండి దారికొచ్చిందనుకున్నా" అన్నాడు చిన్నాయన, ఎటో చూస్తూ. పొగ తగ్గడమంటే నూనె అయిపోవడం. పద్నాలుగో రోజు పొద్దున అడుగంటిన ట్యాంకును ఉత్త పెట్రోలుతో నింపించాడు. కడప రోడ్డు బాగుంది, యాక్సిలరేటరు పూర్తిగా తిప్పాడు.

తప్పెవరిదో ఇప్పుడు చెప్పగలను. రేసు నడిపినవాడిది కాదు. అతను తన పనికి తగ్గట్టు బండిని మార్చుకున్నాడు, బిళ్ళను శుభ్రంగా చేశాడు. రేసు బండికి ఆయిల్ ట్యాంకుతో పని లేదు, అది ఉత్త బరువు. ఎవరో దాన్ని మళ్ళీ తెచ్చి బిగించారు, నూనె నింపారు, కారకుండా గొట్టంలో బోల్టు దూర్చారు, పెట్రోల్లో నూనె కలిపి ఇచ్చారు. గొట్టం మూసినవాడికి నూనె పోదని తెలుసు. పెట్రోల్లో కలిపినవాడికి కలపకపోతే ఏమవుతుందో తెలుసు. కొనేవాడికి ఒక్క మాట చెప్పి ఉంటే చాలు. చెబితే రేసు బండని తెలిసిపోయి బేరం పోతుంది. దానికోసం ఒక మనిషి ప్రాణం మీద పందెం కాశాడు. దీన్ని నేను పొరపాటనను.

అతను ఎవరో ఇక దొరకడు. చిన్నాయన చేతికొచ్చిన కాగితాలు తమిళనాడు ఆర్‌సీ, ఎవరిదో సంతకం పెట్టిన ఖాళీ ఫారం 29, ఫారం 30. అక్కడి ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ తీసుకోలేదు, పేరు మారలేదు. ఆర్‌సీలోని మద్రాసు చిరునామాకు రాసిన ఉత్తరం తిరిగొచ్చింది. కాగితం మీద ఆ బండి ఇప్పటికీ ఆర్‌సీలో పేరున్న ఆయనదే. రికార్డులో ఎవరి పేరుంటే చట్టం కళ్ళకు వాళ్ళే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో చెప్పింది. ఆ రోజు చిన్నాయన ఇంకెవరినైనా గుద్ది ఉంటే కోర్టు మెట్లు ఎక్కాల్సింది, ఏ పాపమూ ఎరగని ఆ మద్రాసు మనిషి.

కనుమ మరుసటి రోజు బిళ్ళ, బెజ్జం బోల్టు రెండూ రుమాల్లో కట్టుకుని మెకానిక్కు ఇంటికి పోయాం. షెడ్డు ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. పెద్దాయన మంచం మీద కూర్చుని బోల్టును వెలుతురుకు పెట్టి బెజ్జంలోంచి చూశాడు. "ఆ దినమే అడిగినా కదప్పా" అన్నాడు. చిన్నాయన మడవని ఆ చేత్తోనే ఆయన చెయ్యి పట్టుకుని, "తప్పైపోయింది భాయ్" అన్నాడు. ఇద్దరూ చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. తర్వాత పెద్దాయన కొడుకును పిలిచి, మద్రాసు పుదుపేటలో ఏ సామాను అడగాలో చీటీ రాయించాడు. పంపు, 50 బోరు సిలిండరు, పిస్టన్, బేరింగులు.

కాగితాలు లేవు కాబట్టి బండి రోడ్డెక్కదు. మా మామిడితోటలో గట్ల వెంబడి నడుస్తోంది. చిన్నాయన రోజూ పొద్దున ఆయిల్ ట్యాంకులో చీపురుపుల్ల ముంచుతున్నాడు. మొన్న వారం తిరిగాక నన్ను పిలిచి చూపించాడు. నూనె రెండు వేళ్ళు తగ్గింది.