బందరు: రాతికెక్కని పేర్లు

సాంఘికశాస్త్రం మాస్టారు సెలవు పెట్టిన రోజున, తెలుగు చెప్పుకునే నేను ఆయన క్లాసు తీసుకోవలసి వచ్చింది. 1611లో ఇంగ్లీషువారు మచిలీపట్నంలో వర్తకస్థావరం పెట్టారనీ, మన బట్టల కోసం వచ్చారనీ చెప్పాను. వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "ఆ బట్టలు చేసినవాళ్ల పేర్లు పుస్తకంలో లేవేం మాస్టారూ?" అన్నాడు. శ్రీశ్రీ 'దేశచరిత్రలు' ఏటేటా పాఠం చెప్పే నాకు ఆ ప్రశ్న తట్టలేదు. సిగ్గేసింది. ఆ శనివారమే బందరు బస్సెక్కాను.

ఊరు చూడబోయేవాడు మొదట చూసేది కోట. గోడలు కూలి, ఆయుధాగారం మొండిగా నిలిచి ఉంది. 1750లో ఫ్రెంచివారి చేతికి వచ్చిన ఈ కోటను 1759లో ఇంగ్లీషువారు పట్టుకున్నారు. ఇక్కడి యుద్ధం మనకు పుస్తకాల్లో దొరుకుతుంది. ఊళ్లోనే డచ్చి సమాధులున్నాయి. పదిహేడో శతాబ్దపు వర్తకుల పేర్లు, వంశచిహ్నాలు నల్లరాతి మీద ఈనాటికీ చక్కగా కనిపిస్తాయి. పొట్ట చేతబట్టుకుని సముద్రాలు దాటి వచ్చి ఇక్కడ చనిపోయిన మనుషుల మీద నాకు కోపం లేదు. కాని వారి కొట్లు నింపిన నేతగాడికి, అద్దకందారుకు ఒక్క రాయీ లేదు. ఓడలు తీరానికి దూరంగా లంగరు వేస్తే, మేకు కొట్టకుండా పలకల్ని కొబ్బరి తాళ్లతో కుట్టిన పడవల మీద కెరటాలు దాటి సరుకు చేర్చిన పడవవాడికీ లేదు.

అక్కడి నుంచి పెడన వెళ్లాను. కలంకారీ అద్దకం నేటికీ అక్కడ బతికి ఉంది. బట్టను కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో పులియబెడితే నలుపు వస్తుంది. పటిక అచ్చు వేసి, రంగు వేరుతో ఉడకబెడితే ఎరుపు తేలుతుంది. పూర్వం ఆ ఎరుపునిచ్చింది చిరివేరు. నిజాంపట్నం ప్రాంతపు చిరివేరుకు దేశాంతరాల్లో పేరుండేది. పారశీకులు మోజుపడిన ఈ బట్టను ఇంగ్లండు జనం కూడా ఎగబడి కొన్నారు. చివరకు అక్కడి నేత పరిశ్రమను కాపాడుకోవడానికి 1700లో అద్దకపు బట్టల దిగుమతిని, 1721లో వాటి వాడకాన్నీ చట్టం చేసి నిషేధించారు. ఒక సామ్రాజ్యం చట్టసభను కదిలించిన చేతులివి!

అయితే దోపిడీ తెల్లవాడితోనే మొదలయిందనుకుంటే మనం చరిత్రను సగమే చదివినట్లు. గోల్కొండ సుల్తానుల కాలంలో రేవు ఆదాయం ఇజారాకు పాడుకున్నవారు తమ పాటను రాబట్టుకున్నది ఈ వృత్తుల నుంచే. తర్వాత కుంపిణీ బయానా ఇచ్చి, సరుకు తనకే అమ్మాలని నేతగాణ్ణి కట్టేసింది. యజమాని మారాడు గాని మగ్గం గుంటలో కూర్చున్నవాడి రాత మారలేదు. ఆపైన యంత్రపు బట్ట వచ్చి ఆ మగ్గాన్నే దెబ్బతీసింది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన సుమారు ముప్పైవేలమందిని మింగింది. వారిలో ఎన్ని పేర్లు మనకు మిగిలాయి?

సాయంత్రం మిఠాయి దుకాణం ముందు నిలబడ్డాను. బందరు లడ్డును తొక్కుడు లడ్డంటారు. శనగపిండిని నేతిలో వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకం పోసి మళ్లీ దంచుతారు. నోట్లో వేసుకుంటే పలుకు తగలకుండా కరిగిపోతుంది. ఆ మెత్తదనమంతా రోకలి పోటుదే. పనివాడి పేరు ఇక్కడా లేదు, కాని అతని పని తిండి పేరులోనే నిలిచింది. బందరులో నేను చూసిన శాసనాల్లో శ్రమను ఒప్పుకున్నది ఇదొక్కటే అనిపించింది.

తపసిపూడి దగ్గర కొత్త ఓడరేవుకు 2023లో శంకుస్థాపన జరిగింది. రేపు దాని మీదా శిలాఫలకాలు వెలుస్తాయి. వాటిమీద ఎవరి పేర్లుంటాయో మనకు తెలుసు. రచయితలుగా మన పని ఆ రాళ్ల దగ్గర కాదు. అద్దకపు కొట్టాల్లో, పడవల రేవుల్లో, ముసలివారి నోళ్లలో మిగిలిన వృత్తిపదాలను, ఆ బతుకులను ఇప్పుడే రాసిపెట్టాలి. రాయకపోతే మరో మూడు వందల ఏళ్లకు మరో కుర్రాడు లేచి ఇదే ప్రశ్న అడుగుతాడు.

సోమవారం నేనే ఆ క్లాసు అడిగి తీసుకున్నాను. పేర్లు దొరకలేదని ఆ అబ్బాయితో ఒప్పుకున్నాను. వారు చేసిన పని మాత్రం కరక్కాయ దగ్గర నుంచి చిరివేరు దాకా చెప్పాను. అంతా విని, "మా తాతను అడిగితే ఇంకా చెబుతాడు మాస్టారూ" అన్నాడు.

నోటుబుక్కు తీసుకుని వాళ్లింటికి వెళ్లాలి.